కర్నూలు నుంచి ఉత్తరాంధ్ర తీరానికి బస్సు టూరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్ లో, వాట్సాప్ లో అందరూ దాదాపు ఇవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా టైప్ చేసేకన్నా ఒకచోట పెడితే ఇంట్లో పెద్దోళ్లకి కూడా చదివి వినిపించుకోవచ్చని రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా మోకాళ్ల గురించి, సముద్రం గురించి రాసినవి.

అన్నా, ఇంతకీ ఈ టూరు యాడికి?

అనకాపల్లి దగ్గర శంకరం కొండలతో మొదలుపెట్టి, సముద్రం పక్కపక్కనే పైకి పోతా సింహాచలం, భీమిలి, విజయనగరం, శ్రీకాకుళం, శాలిహుండం, కళింగపట్నం, ముఖలింగం, బారువ, మందస దాకా. మందస దాటి ఇంకొంచెం పోతే ఇచ్ఛాపురం, ఆ తర్వాత ఒడిశానే. మన కర్నూలోళ్లు చానామందికి వైజాగ్ తోనే ఆంధ్రా అయిపోయినట్టు లెక్క, వైజాగ్ దాటినాక ఇంకో రెండొందల కిలోమీటర్ల తీరం ఉందని, దాని పొడుగునా రెండువేల ఏళ్ల నాటి ఇటుకలు, శాసనాలు, గుళ్లు ఉండాయని తెలిసినోళ్లు తక్కువ. ఆ తీరం చూపియ్యడానికే ఈ టూరు.

కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, అరకు ఉంటాయా?

ఉండవు. అవి మంచివే, పిల్లలకి చూపియ్యాల్సినవే, కానీ వాటికి వేరే టూర్లు చానా ఉండాయి. ఇక్కడ రోజుకి కొన్ని చోట్లే పెట్టుకుంటాం, ప్రతి చోటా కనీసం గంటన్నర కూర్చుంటాం, నడుస్తాం, గైడ్ సార్ చెప్పేది వింటాం. దిగి ఫోటో తీసుకుని ఎక్కే టూరు కావాలంటే ఇది మీకు నచ్చదు, ముందే చెప్తున్నాం, తర్వాత బస్సులో కూర్చుని బాధపడొద్దు.

ఆ ఊర్లకీ మనకీ ఏం సంబంధం? మన దగ్గరే బోలెడు ఉండాయి కదా, యాగంటి, అహోబిలం, గండికోట, లేపాక్షి?

ఈ ప్రశ్న అడిగినోళ్లంటే మాకు చానా ఇష్టం, ఎందుకంటే టూరు పెట్టిందే దీనికోసం.

పత్తికొండ గుత్తి రోడ్డులో ఎర్రగుడి ఉంది చూడండి, తుగ్గలి మండలం, మన జిల్లానే. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలు ఉండాయి, 1929 లో బయటపడినాయి. పద్నాలుగు పెద్ద శిలాశాసనాలూ ఆ బండల మీద ఉండాయి. వాటిల్లో పదమూడోది కళింగ యుద్ధం గురించి. పట్టాభిషేకం అయిన ఎనిమిదేళ్లకి కళింగని గెలిచినానని, లక్షమంది చచ్చిపోయినారని, లక్షా యాభైవేల మందిని అక్కడి నుంచి తరలించినారని, అంతకు ఎన్నో రెట్లు మంది పోయినారని, అది తల్చుకుంటే బాధ అవుతాందని రాజే చెప్పుకున్నాడు. ఇప్పుడు అసలు విషయం వినండి. కళింగలో ధౌలి, జౌగడ అని రెండు చోట్ల అశోకుడి శాసనాలు ఉండాయి, రెండూ ఇప్పుడు ఒడిశాలో ఉండాయి, ఆ రెండింట్లోనూ ఈ పదమూడోది లేదు! దెబ్బ తిన్న జనం కళ్ల ముందర ఆ మాట చెక్కించకుండా, దాని బదులు వాళ్లని బిడ్డల్లాగా చూసుకోమని అధికార్లకి వేరే శాసనాలు రాయించినాడు. అంటే కళింగ కోసం రాజు పడిన బాధ కళింగలో చదవడానికి లేదు, మన పత్తికొండ పక్కన బండ మీద ఉంది. మనం పోయే ఈ ఉత్తరాంధ్ర తీరం కూడా ఆ పాత కళింగలోదే, అది మన దగ్గర పెట్టుకుని ఆ నేల చూడకపోతే ఎట్ల?

ఇంకోటి. సింహాచలంలో కృష్ణదేవరాయలు 1516 లో వేయించిన శాసనం ఉంది, ఒడిశా రాజులు గజపతుల మీద దండయాత్రకి పోయినప్పుడు స్వామికి నగలు సమర్పించినట్టు దాంట్లో ఉంది. పెనుకొండలో, చంద్రగిరిలో రాయల పేరు వినుకుంటా పెరిగినోళ్లం మనం, ఆయన అంత దూరం పోయి ఏ స్తంభం ముందర నిలబడినాడో చూస్తే ఒళ్లు జలదరిస్తాది.

మంత్రాలయం భక్తులకైతే ఇంకా దగ్గర సంబంధం. రాఘవేంద్రస్వామి గురుపరంపర పైకి లెక్కపెట్టుకుంటా పోతే మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు వస్తారు కదా, ఆయన చానా ఏళ్లు కళింగలో గంగరాజుల తరఫున పాలన చూసినారు, శ్రీకూర్మంలో 1281 నాటి ఆయన శాసనం ఉంది. మఠంలో పేరు విని దండం పెట్టుకునే మనిషి రాయించిన అక్షరాలు అక్కడ రాతి మీద కళ్లారా చూడొచ్చు.

ఎర్రగుడి కూడా టూర్ లో ఉందా?

రూట్ వేరే వైపు కాబట్టి బస్సు అటు పోదు. కానీ బయల్దేరే ముందు వచ్చే ఆదివారం పొద్దున్నే ఒక చిన్న ట్రిప్పు పెడతాం, పేరు ఇచ్చినోళ్లందరూ రావొచ్చు, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేస్తారు. కడప వాళ్లకి ఒక మాట, కమలాపురం దగ్గర ఎర్రగుడిపాడు వేరు, ఇది వేరు. అది రేనాటి చోళుల తెలుగు శాసనం ఉన్న ఊరు, అదీ గొప్పదే, కానీ పొరపాటున అటు పోయి ఫోన్ చెయ్యొద్దు.

ఎన్ని రోజులు? ఏ రోజు ఏం చూస్తాం?

కర్నూలులో సాయంత్రం ఎక్కితే మొత్తం ఆరు పగళ్లు, పోయేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి బస్సులోనే.

మొదటి రోజు కొంచెం తేలిక, రాత్రంతా ప్రయాణం చేసుంటారు కాబట్టి పొద్దున లాడ్జిలో స్నానాలు, టిఫిన్ అయినాక ఏటికొప్పాక పోయి లక్క బొమ్మలు చేసేవాళ్లని చూస్తాం, అంకుడు కర్ర తిరుగుతా ఉంటే లక్క పుల్ల ఆనించి రంగు ఎక్కిస్తారు, ఆ తర్వాత శంకరం. శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ అని రెండు పక్కపక్కనే, బొజ్జన్నకొండలో రాతిని తొలిచిన గుహలు, బుద్ధుడి విగ్రహాలు, లింగాలకొండ మీదయితే కొండరాయినే స్తూపాలుగా చెక్కేసినారు, వరసగా చిన్నవీ పెద్దవీ ఎన్ని ఉండాయో. 1906, 1907 ప్రాంతంలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే తవ్వకాలు చేయించినప్పుడు ఇక్కడ సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది.

రెండో రోజు సింహాచలం, తొట్లకొండ, బావికొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఇది కొంచెం టైటు రోజు. తొట్లకొండ నౌకాదళం వాళ్లు 1976 లో విమానం నుంచి సర్వే చేస్తా ఉంటే బయటపడింది, తర్వాత 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. కొండ మీద నిలబడితే ఒకవైపు సన్యాసుల గదుల పునాదులు, ఇంకోవైపు సముద్రం. ఇక్కడ శాతవాహనుల సీసం నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికినాయి, అంటే ఈ తీరానికి ఎంత దూరం నుంచి ఓడలొచ్చేవో ఆలోచించండి.

మూడో రోజు పద్మనాభం, విజయనగరం, రామతీర్థం. నాలుగో రోజు అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం. ఐదో రోజు పొందూరు, ముఖలింగం. ఆరో రోజు తేలినీలాపురం పక్షులు, నౌపడ ఉప్పు మడులు, బారువ, మందస, అక్కడి నుంచి వెనక్కి.

ఏ రోజైనా వానో, ట్రాఫిక్కో వస్తే ఒక చోటు తగ్గిస్తాం కానీ మిగతా చోట్ల టైం మాత్రం తగ్గియ్యం.

శాలిహుండం పేరే వినలేదు సార్, అంత టైం ఎందుకు దానికి?

వినకపోవడమే మా బాధ. వంశధార నది సముద్రంలో కలిసే ముందు ఒడ్డున ఉన్న కొండ అది, కళింగపట్నం అక్కడికి దగ్గర్లోనే. 1919 లో గిడుగు రామమూర్తి పంతులు గారు దీన్ని వెలుగులోకి తెచ్చినారు. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు గారే, మనం ఆగస్టు 29 న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. ఆయన ఊరు కూడా ఈ పక్కనే, ముఖలింగం దగ్గర పర్వతాలపేట. బళ్లో చరిత్ర పాఠం చెప్పే మనిషి, ముఖలింగం గుడి గోడల మీద శాసనాలు చూసి వాటిని చదవడం సొంతంగా నేర్చుకున్నాడు, సవరలు అనే గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి బడులు పెట్టించినాడు, మళ్లీ ఈ కొండ కూడా ఆయన కంటనే పడింది. ఒక్క మనిషి ఎంత పని చేసినాడో చూడండి!

కొండ ఎక్కుతా ఉంటే దారికి అటూ ఇటూ ఇటుకల కట్టడాలు మెట్టు మెట్టుగా కనపడతాయి, కింద చిన్నవి, పైకి పోయేకొద్దీ పెద్దవి, గుండ్రటి చైత్యాలు అంటే బౌద్ధుల పూజ మందిరాలు, స్తూపాల అడుగులు. ఇటుక దగ్గరికి పోయి చూడండి, మన ఇళ్లకి వాడే ఇటుక కన్నా చానా పెద్దది, వెడల్పు, పలచన. ముట్టుకోవచ్చు కానీ ఎక్కొద్దు. పైన నిలబడి చూస్తే వంశధార వంపు తిరిగి సముద్రం వైపు పోతా ఉంటాది, ఓడలో వచ్చిన వ్యాపారి గానీ, భిక్షువు గానీ ముందు ఈ కొండనే చూసుంటాడని మా గైడ్ సార్ అక్కడ కూర్చోబెట్టి చెప్తారు. క్రీస్తుపూర్వం నుంచి వెయ్యేళ్లకు పైగా ఇక్కడ బౌద్ధం నడిచింది, ముందు విగ్రహమే లేని రోజులు, తర్వాత బుద్ధుడి విగ్రహాలు, చివరికి తార, మారీచి లాంటి దేవతలు. కింద మ్యూజియంలో ఆ విగ్రహాలు ఉండాయి. పురావస్తు శాఖ మ్యూజియంలకి శుక్రవారం సెలవు కాబట్టి శాలిహుండం రోజు శుక్రవారం పడకుండా డేట్లు పెడతాం.

పక్కన కళింగపట్నంలో లైట్ హౌస్, దర్గా, బీచ్ చూస్తాం. తెల్లోళ్ల కాలంలో ఓడలు ఆగిన రేవు అది, ఇప్పుడు చేపల పడవలే.

ముఖలింగంలో ఏముంది? పూరీ, కోణార్క్ దాకా పోతే బాగుండేది కదా?

చానామంది అడిగినారు. పూరీ, కోణార్క్ గొప్పవి, ఎవరూ కాదనరు. కానీ పూరీ గుడి ఎత్తించిన అనంతవర్మ చోడగంగదేవుడు యాడ పట్టం కట్టుకున్నాడో తెలుసా, ఇక్కడే, 1078 లో. తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం అంటే ఈ ముఖలింగం ప్రాంతమే, చోడగంగుడు రాజ్యం పెంచుకుంటా పోయినాక రాజధాని కటకానికి, అంటే ఇప్పటి ఒడిశా కటక్ కి మారింది. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడు కూడా అదే వంశం. పెద్ద గుళ్లు కట్టిన చేతులు ముందు ఎక్కడ పని నేర్చుకున్నాయో చూడాలంటే ముఖలింగానికి రావాల. పూరీ చూసొచ్చినోళ్లు కూడా ఇక్కడ నోరు తెరిచి నిలబడిపోతారు.

వంశధార ఒడ్డున చిన్న ఊరు. మధుకేశ్వరుడి గుడి పెద్దది, దాని చుట్టూ మూలల్లో చిన్న గుళ్లు, తలుపు చుట్టూ లతలు, ఆ లతల్లో మనుషులు, జంతువులు. ఇప్పచెట్టులో శివుడు వెలిశాడని, సవరల కథ ఒకటి చెప్తారు, అది పూజారి గారి నోటే వినండి. భీమేశ్వరుడి గుడి కూడా ఉంది. మాకైతే ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరుడి గుడి ఎక్కువ ఇష్టం. దానికి ముందు మంటపం లేదు, గర్భగుడీ, దానిమీద నిట్టనిలువు శిఖరమూ, అంతే. గడపకి అటూ ఇటూ గంగ, యమున నిలబడి ఉంటారు, పైన అడ్డరాతి మీద గ్రహాలు వరసగా కూర్చుని ఉంటాయి. ఒక ఐదు నిమిషాలు కదలకుండా ఆ గడపని చూడండి, ఫోన్ జేబులో పెట్టి. ఎండ పక్కనుంచి పడే టైంకి తీసుకుపోతాం, అప్పుడే బొమ్మల లోతు బాగా తెలుస్తాది.

శ్రీకూర్మం, అరసవల్లి అంటే గుళ్లే కదా, దర్శనం చేసుకుని వచ్చేయొచ్చు కదా?

దర్శనం చేసుకోండి, దానికి టైం ఇస్తాం. కానీ శ్రీకూర్మంలో దర్శనం అయినాక బయటికి ఉరకొద్దు. కూర్మావతారానికి గుడి ఉండడమే అరుదు, పైగా స్వామి పడమర ముఖంగా ఉంటాడు, తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలు. మంటపంలో స్తంభాలు ఒక దానికి ఒకటి పోలిక ఉండదు, చానా వాటి మీద శాసనాలు. దీపాలకి, నైవేద్యానికి ఎవరెవరు ఏమిచ్చినారో మన తెలుగులోనే రాసి ఉంది. గోడల మీద పాత రంగుల బొమ్మలు కొన్ని మిగిలినాయి, వాటిని చేత్తో తాకొద్దు, ఆనుకుని కూర్చోవద్దు, చెమట తగిలినా రంగు పోతాది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఉంటాయి, పిల్లలు వదిలిపెట్టి రారు, ఆ టైం కూడా లెక్కలో వేసుకున్నాం.

అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి ఎండ నేరుగా స్వామి పాదాలకి తగులుతాది. ఆ రోజుల్లో జనం విపరీతంగా ఉంటారు, మబ్బు పడితే కనపడదు కూడా, అందుకే మా టూరు ఆ డేట్లకి పెట్టం.

విజయనగరం అన్నారు, బొబ్బిలి లేదేంది?

బొబ్బిలి తీరానికి దూరం, లోపలికి పోవాల, ఒక పూట పోతాది. ఆ కథ మాత్రం వదలం, 1757 జనవరి 24 న జరిగిన యుద్ధం, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు, ఇవన్నీ విజయనగరం పోయే దారిలో బస్సులోనే సార్ చెప్తారు, ఆ గంట బస్సులో ఒక్కరు కూడా నిద్రపోరు. విజయనగరంలో 1713 లో పునాది వేసిన కోట, గంటస్తంభం, గురజాడ గారిల్లు, 1919 లో మొదలైన సంగీత కళాశాల చూస్తాం. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్ గా ఉన్న కాలేజీ అది, ఘంటసాల చదువుకున్నది కూడా అక్కడే. దానికి ముందు పద్మనాభం దగ్గర ఆగుతాం, 1794 జూలై 10 న చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో కొట్లాడి చనిపోయిన చోటు. మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కన్నా యాభై ఏళ్లు ముందు. రేనాట్లో ఆయన కథ పాడుకున్నంతగా ఈయన కథ మన వైపు ఎవరికీ తెలీదు, తెలియాల.

భీమిలిలో సమాధులు చూపిస్తారంట, ఆడోళ్లు, పిల్లలు ఉంటారు, బాగుంటాదా?

ఏం కాదక్కా. డచ్చోళ్లు పదిహేడో శతాబ్దంలో భీమిలిలో వ్యాపారం కోసం కోట కట్టుకున్నారు, 1825 లో ఇంగ్లీషోళ్లకి అప్పజెప్పి పోయినారు, ఇక్కడే చనిపోయినోళ్ల సమాధులు మిగిలినాయి. రాళ్ల మీద డచ్చి అక్షరాలు చెక్కి ఉంటాయి, ఇల్లు వదిలి సముద్రాలు దాటి వచ్చి చిన్న వయసులో జ్వరాలకి పోయినోళ్లు చానామంది. లోపలికి రావడం ఇష్టం లేనోళ్లు పక్కనే బీచ్ లో, గోస్తనీ సముద్రంలో కలిసే దగ్గర కూర్చోవచ్చు, బలవంతం లేదు. భీమిలి మున్సిపాలిటీ 1861 లోనే పెట్టినారు, దేశంలో చానా పాతవాటిల్లో ఒకటి.

పొందూరులో చీరలు కొనుక్కోవచ్చా?

కొనుక్కోవచ్చు, కానీ ముందు తయారీ చూడండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకి సన్నగా, దగ్గర దగ్గరగా పళ్లు ఉంటాయి, దాంతో గింజ మీదున్న దూదిని దువ్వితే చెత్త, నలక పోయి పోగులన్నీ ఒకే వైపుకి వస్తాయి. తర్వాత గింజ తీసి, దూది ఏకి, సన్నటి ఏకులు చేసి, అవి దుమ్ము పట్టకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి రాట్నం మీద వడుకుతారు. ఎక్కువగా పెద్దవయసు ఆడోళ్లే చేస్తారు. పత్తి పండించే ఆదోని, నంద్యాల వైపు మనుషులం మనం, పత్తి అంటే బేళ్లు, మిల్లు, రేటు అనే తెలుసు, అదే పత్తిని ఇంత నిదానంగా ముట్టుకునేవాళ్లని చూస్తే మనసు ఎట్లనో అయిపోతాది. దయచేసి అక్కడ గీచి గీచి బేరం ఆడొద్దు. వాళ్లు వడికే కూలీ అడిగి తెలుసుకుంటే మీకే ఆడాలనిపించదు.

ఏ నెలల్లో పెడతారు?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2014 అక్టోబరులో హుద్ హుద్ వైజాగ్ ని, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపుని ఎంత దెబ్బకొట్టినాయో అందరికీ తెలుసు. మార్చి తర్వాత ఎండ మనకి అలవాటే కదా అంటారు, కానీ అక్కడ సముద్రం గాలి ఉక్కపోత వేరు, కర్నూలు పొడి ఎండ తట్టుకున్నోళ్లు కూడా అక్కడ డీలా పడతారు. పైగా తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నిండుగా ఉండేది కూడా ఈ చలికాలంలోనే. సంక్రాంతి నాలుగు రోజులు మాత్రం బస్సు కదలదు.

మా అమ్మకి డెబ్బై దాటినాయి, మోకాళ్ల నొప్పులు, రావొచ్చా?

రావొచ్చు, కానీ ఇది చదివి డిసైడ్ చేసుకోండి. బొజ్జన్నకొండ మెట్లు నిటారుగా ఉంటాయి. శాలిహుండం ఎక్కడం ఉంది కానీ నిదానంగా ఎక్కితే అవుతాది, మధ్యలో కూర్చోవచ్చు. తొట్లకొండకి పైదాకా రోడ్డు ఉంది. రామతీర్థంలో కింద రాముడి గుడి అందరూ చూడొచ్చు, బోధికొండ మెట్లు మాత్రం గట్టిగా ఉన్నోళ్లకే, గురుభక్తులకొండ బౌద్ధ శిథిలాలకి నడక ఎక్కువ. ఎక్కలేనోళ్లతో మా మనిషి ఒకరు కింద ఉంటారు, ఒంటరిగా వదిలిపెట్టం. ఎక్కినోళ్లు కిందికి వచ్చేదాకా విసుక్కోకుండా కూర్చోగలిగితే అమ్మని తప్పకుండా తీసుకురండి, ముఖలింగం, శ్రీకూర్మం, సింహాచలం ఆమెకి బాగా నచ్చుతాయి. బీపీ, షుగర్ మాత్రలు హ్యాండ్ బ్యాగ్ లో పెట్టుకోవాల, డిక్కీలో పెట్టే సూట్ కేసులో కాదు.

సముద్ర స్నానం ఉంటాదా?

కాళ్లు తడుపుకోవడం వరకే. ఇది చదివి వదిలెయ్యకండి. మనం తుంగభద్రలో, సుంకేసుల కాలవలో ఈతలు కొట్టినోళ్లం, ఆ ధైర్యం సముద్రంలో పనికిరాదు. భీమిలి, కళింగపట్నం, బారువ, మూడు చోట్లా నది వచ్చి సముద్రంలో కలుస్తాది, అట్లాంటి చోట నీళ్ల కింద లాగుడు పైకి కనపడదు, ఇసుక ఒక్కసారిగా లోతు అయిపోతాది. పద్దెనిమిదేళ్ల కుర్రోళ్లు గ్రూపుగా వచ్చినప్పుడు అందరికన్నా భయం మాకు వాళ్ల గురించే. మోకాలు దాటి దిగినోళ్లని గట్టిగా పిలుస్తాం, వినకపోతే అందరి ముందరే బస్సు ఎక్కిస్తాం, అప్పుడు కోపం తెచ్చుకోవద్దు.

తిండి ఎట్ల? మన కారం దొరుకుతాదా?

మనతో ఒక వంటమనిషి వస్తాడు, పొద్దున టిఫిన్, రాత్రి భోజనం ఆయనే చేస్తాడు, ఉగ్గాని బజ్జీ, జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి అన్నీ ఉంటాయి. మధ్యాహ్నం మాత్రం ఆ ఊరి భోజనమే తిందాం. ఆవ పెట్టిన కూర, ఇంగువ చారు, దొరికితే చోడి అంబలి, అంటే మన రాగి అంబలే. కొన్ని కూరల్లో బెల్లం తగులుతాది, మొదటి రోజు ముఖం చిట్లిస్తారు, మూడో రోజుకి ఇంకొంచెం వెయ్యమంటారు. పలాస జీడిపప్పు దారిలో కొనుక్కోవచ్చు, మాడుగుల హల్వా వైజాగ్ లోనే దొరుకుతాది.

అనంతపురం, కడప వాళ్లు యాడ ఎక్కాల?

అనంతపురం వాళ్లు గుత్తి, డోన్ మీదుగా కర్నూలు వచ్చేయండి, హైవే కాబట్టి ఇబ్బంది లేదు. కడప, మైదుకూరు, ఆళ్లగడ్డ వాళ్లు నంద్యాలలో ఎక్కండి, బస్సు నంద్యాల, గిద్దలూరు, వినుకొండ, గుంటూరు, విజయవాడ మీదుగా పోతాది. ఆత్మకూరు, దోర్నాల దారి దగ్గర కదా అని కొందరు అడుగుతున్నారు, అది పులుల అడవి, రాత్రిపూట బండ్లు పోనియ్యరు.

అంత దూరం బస్సులో కూర్చోలేం అనుకునేవాళ్లు రైల్లో రావొచ్చు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అనంతపురం, గుంతకల్లు, డోన్, నంద్యాల మీదుగానే వైజాగ్ పోతాది, కడప నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. వైజాగ్ లో మీరు చెప్పిన టైంకి ఆటో పంపిస్తాం. వచ్చేటప్పుడు కూడా శ్రీకాకుళం రోడ్ స్టేషన్ లో ప్రశాంతి ఎక్కొచ్చు, ఆ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటాది, శ్రీకాకుళం టౌన్ లో కాదు, టికెట్ చేసేటప్పుడు చూసుకోండి.

డబ్బులు ఎంత? దాంట్లో ఏమేం వస్తాయి?

డీజిల్, లాడ్జి రేట్లు సీజన్ సీజన్ కి మారతాయి కాబట్టి డేట్ చెప్పేటప్పుడే రేటు చెప్తాం, ఆ తర్వాత ఒక్క రూపాయి పెంచం. బస్సు, లాడ్జి ఇద్దరికి ఒక రూమ్, మూడు పూటలా తిండి, గైడ్, ఎంట్రీ టికెట్లు అన్నీ దాంట్లోనే. గుళ్లలో స్పెషల్ దర్శనం, అర్చనలు, మీ షాపింగ్ మీ ఇష్టం. టీచర్లకి, డిగ్రీ హిస్టరీ పిల్లలకి తగ్గిస్తాం, ఐడీ కార్డు చూపిస్తే చాలు. ఒక టీచర్ చూసొస్తే నలభై మంది పిల్లలకి చెప్తారు, మాకు అంతకన్నా ఏం కావాల.

గైడ్ ఎవరు? ఇంగ్లీషులో చెప్తారా?

రిటైర్డ్ హిస్టరీ సార్, మన జిల్లా మనిషే, తెలుగులోనే చెప్తారు. తెలిసింది తెలిసినట్టు చెప్తారు, కథని కథ అనే చెప్తారు, చరిత్రని చరిత్ర అంటారు, రెండూ కలపరు. శాసనం దగ్గర మీరు అడిగితే ఒక్కో అక్షరం వేలితో చూపిస్తారు, నోటుబుక్ తెచ్చుకుంటే రాయించుకోవచ్చు.

ఫోటోలు, డ్రోన్?

ఫోన్ ఫోటోలు బయట అన్ని చోట్లా తీసుకోవచ్చు, గర్భగుడిలో ఎక్కడా వద్దు. డ్రోన్ తేవొద్దు, పర్మిషన్ లేకుండా పురావస్తు కట్టడాల దగ్గర ఎగరేస్తే కేసు అవుతాది, పైగా వైజాగ్ తీరం నేవీ ఏరియా. స్తూపాల మీద ఎక్కి సెల్ఫీలు అసలు వద్దు. రాయి మీద పేరు గీకితే ఆ మనిషికి మా బస్సులో మళ్లీ సీటు ఉండదు.

చిన్నపిల్లలు ఉంటే?

ఎనిమిదేళ్లు దాటినోళ్లయితే బాగా ఎంజాయ్ చేస్తారు. అంతకన్నా చిన్నోళ్లకి రెండు రాత్రుల బస్సు ప్రయాణం కష్టం, మీకూ వాళ్లకీ. స్కూల్ పోతాదని భయపడేవాళ్లు హెడ్ మాస్టర్ కి చెప్పి పర్మిషన్ తీసుకోండి, కావాలంటే ఏ రోజు ఏం చూస్తారో పేపర్ మీద రాసిస్తాం, బళ్లో చూపించుకోవచ్చు.

మధ్యలో ఎక్కొచ్చా, మధ్యలో దిగొచ్చా?

గుంటూరు, విజయవాడలో ఎక్కొచ్చు, ముందు రోజే చెప్పాల. మధ్యలో దిగి మళ్లీ కలుస్తామంటే మాత్రం కుదరదు, శ్రీకాకుళం లోపల ఊర్లకి బస్సులు తక్కువ, మీకోసం మిగతావాళ్లు ఎండలో నిలబడాల్సి వస్తాది. రిటర్న్ లో వైజాగ్ లో చుట్టాలింట్లో ఉండిపోతామంటే సరే, సామాను డిక్కీలో పైకి పెట్టించుకోండి, రాత్రి పదకొండుకి అందరినీ లేపి వెతకడం కష్టం.

పేరు ఎట్ల ఇయ్యాల?

వాట్సాప్ లో పేరు, వయసు, ఊరు, ఎక్కే చోటు, మెట్లు ఎక్కగలరా లేదా రాసి పంపండి. ఆధార్ జిరాక్స్ లాడ్జి కోసం, ఒక్కటి చాలు. ఎర్రగుడి ఆదివారానికి వస్తారో రారో కూడా అదే మెసేజ్ లో రాయండి, జీపులు లెక్క పెట్టుకోవాల.

క్యాన్సిల్ చేస్తే?

పది రోజుల ముందు చెప్తే మొత్తం వెనక్కి ఇస్తాం, తర్వాతయితే లాడ్జి అడ్వాన్స్ పట్టుకుని మిగతాది ఇస్తాం. తుపాను హెచ్చరిక వస్తే మేమే ఆపేస్తాం, అప్పుడు పూర్తిగా ఇచ్చేస్తాం, లేకపోతే తర్వాత బస్సుకి మార్చుకోవచ్చు.